పిల్లికి బుద్ధి చెప్పలేదు, ఉట్టి కట్టారు

గోదావరి జిల్లాల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన మండువా లోగిళ్లలో వంటింటి దూలం కేసి తలెత్తి చూస్తే ఒక ఇనుప కొక్కెం కనబడుతుంది. ఇప్పుడు దానికి ఏదీ వేలాడటం లేదు. ఒకప్పుడు అది ఉట్టి కొక్కెం. తాళ్లతో అల్లిన ఆ వలలో పాలకుండ, పెరుగుకుండ, వెన్నగిన్నె ఒకదానిమీద ఒకటి కూర్చునేవి. ఇల్లాలు చెయ్యెత్తితే అందేవి, పిల్లి ఎగిరితే అందేవి కావు.

ఆ ఇల్లాలు పిల్లిని కూర్చోబెట్టి దొంగతనం తప్పని చెప్పలేదు. కర్ర పుచ్చుకుని రోజంతా కాపలా కాయలేదు. పిల్లి పిల్లిలాగే ఉంటుందని ఒప్పుకుని, కుండ ఉండే చోటు మార్చింది. జంతువుల ప్రవర్తనను చదివే శాస్త్రవేత్తలు ఈ రోజున పిల్లులు పెంచేవాళ్లకు చెబుతున్నది కూడా ఇంచుమించు ఇదే. మార్చాల్సింది పిల్లిని కాదు, ఇంటి అమరికను.

ఇల్లు చిన్నదైతే ఈ మాటకు విలువ పెరుగుతుంది. ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ రెండు పడగ్గదుల ఫ్లాటులో దూలం లేదు, చూరు లేదు, అటక లేదు, పెరడు లేదు. పాత ఇంట్లో పిల్లికి దూలమే దారి, అటకే పురిటిగది, పెరటి ఇసుకే మరుగుదొడ్డి, ధాన్యపు గాదె చుట్టుపక్కలే వేటస్థలం. అవన్నీ అడక్కుండానే దొరికేవి. శ్లాబు ఇంట్లోకి మారుతూ మనం వాటిని వదిలేసి, పిల్లిని మాత్రం వెంట తెచ్చుకున్నాం. తర్వాత సోఫా చింపిందని, మంచంమీద పోసిందని దాన్ని తిట్టుకుంటున్నాం.

గాదె దగ్గర కుదిరిన ఒప్పందం

పిల్లికి ఏం కావాలో తెలియాలంటే అది ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ఎండభూముల్లో తిరిగే అడవిపిల్లి సంతతి అని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. సుమారు 10,000 ఏళ్ల కిందట మనిషి అక్కడ ధాన్యం పండించి దాచడం మొదలుపెట్టాడు. ధాన్యం కోసం ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లులొచ్చాయి. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిన 9,500 ఏళ్లనాటి సమాధి బయటపడిన సంగతి 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. ఎవరో పడవలో తెచ్చుకుని ఉండాలి.

డెల్టా రైతుకు ఈ ఒప్పందం గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. పురి కట్టిన చోటికి పందికొక్కు రాక మానదు, పందికొక్కు తిరిగే చోట పిల్లికి పని ఉండక మానదు. తాడేపల్లిగూడెం రైసుమిల్లుల గోడలమీద పిల్లులు ఎందుకు తిరుగుతాయో అక్కడి హమాలీని అడిగినా చెబుతాడు. అయితే కుక్కను, ఎద్దును మనిషి తన పనికి తగ్గట్టు తరతరాలుగా ఎంచి పెంచాడు. పిల్లిని అంతగా ముట్టుకోలేదు. అందుకే అది మన సోఫామీద పడుకున్నా, లోపల మాత్రం ఆ ఎండభూమి వేటగత్తెగానే మిగిలింది.

దాని అలవాట్లన్నీ ఈ పుట్టుకలోంచే వస్తాయి. నీళ్లు కొద్దిగా తాగి, మూత్రాన్ని బాగా చిక్కబరిచి వదులుతుంది. మలమూత్రాలను మెత్తటి ఇసుకలో పూడుస్తుంది. ఒంటరిగా వేటాడుతుంది, ఒంటరిగా తింటుంది. ఇంకో సంగతి మనం తరచూ మరిచిపోతాం. ఎలుకకు అది పులే అయినా, కుక్కకూ నక్కకూ అదే ఆహారం. అందుకని దానికి ఎప్పుడూ రెండు కోరికలు: తను అన్నిటినీ చూడాలి, తనను ఎవరూ చూడకూడదు.

ఎటూ తేల్చనివాణ్ని మనం ‘గోడమీద పిల్లి’ అంటాం. పాపం, పిల్లి గోడెక్కేది ఎటు దూకాలో తేల్చుకోలేక కాదు. రెండు పక్కలా కనబడుతుందని, రెండు పక్కలా తప్పించుకోవచ్చని.

నేల కొలత కాదు, గోడ కొలత

2013లో అమెరికా పిల్లి వైద్యుల సంఘం, అంతర్జాతీయ పిల్లి వైద్య సంఘం కలిసి ఇంటి పిల్లికి కావలసినవి అయిదని ఒక మార్గదర్శిని రాశాయి. భద్రంగా దాక్కునే చోటు మొదటిది. తిండి, నీరు, ఇసుక తొట్టె వంటివి వేర్వేరు చోట్ల ఉండటం రెండోది. వేటాడినట్టు ఆడుకునే వీలు మూడోది. మనుషులతో ఒడిదొడుకులు లేని స్నేహం నాలుగోది. దాని ముక్కును గౌరవించే పరిసరాలు అయిదోది. ఈ అయిదింటిలో ఎక్కడా ‘ఇంత విస్తీర్ణం’ అన్న మాట లేదు.

ఇల్లు కొనేటప్పుడు మనం చదరపు అడుగులు లెక్కపెడతాం. పిల్లి ఘనపుటడుగులు లెక్కపెడుతుంది. పది అడుగుల గదిలో నేలంతా మనదైతే, తలకు పైన ఉన్న చోటంతా ఖాళీయే. బీరువా మీద సూట్‌కేసుల పక్కన ఒక మూర జాగా, దానికి చేరేందుకు గోడకు అంచెలంచెలుగా మూడు చెక్కలు చాలు. ఒక్కో చెక్క జానెడున్నర వెడల్పుంటే పిల్లి తిరిగి పడుకోగలదు. జారని గుడ్డ ఏదైనా మేకులతో బిగిస్తే మంచిది. రెండు పిల్లులుంటే ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఇంకొకటి ఉండాలి. లేకపోతే పైనున్నది కిందదాన్ని అడ్డగించి కూర్చుంటుంది. గొడవ మన కంటపడదు గానీ కిందది తిండికి కూడా రావడం మానేస్తుంది.

దాక్కునే చోటుకు పైసా ఖర్చులేదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు 2014లో ఒక ఆశ్రయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను గమనించారు. కొన్నిటికి దూరి కూర్చునే పెట్టె ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి కొత్తచోటుకు తొందరగా అలవాటుపడ్డాయి. కిరాణా కొట్టు అట్టపెట్టెను పక్కకు తిప్పి, మంచం కింద పెడితే అదే ప్రయోగం మన ఇంట్లో జరిగినట్టే.

ఇక్కడ మన ఎండ సంగతి కలపాలి. చల్లటి దేశాల పుస్తకాలు పిల్లికి ఎంత ఎత్తు ఇస్తే అంత మంచిదంటాయి. ఏలూరు మే నెలలో పై అంతస్తు శ్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. వేడిగాలి పైకే చేరుతుంది కాబట్టి బీరువా మీది పడక ఆ నెలలో పొయ్యిమీది పెనంలాంటిది. పిల్లికి మనకంటే వెచ్చదనం ఇష్టమే గానీ, చెమట పట్టేది అరికాళ్లకు మాత్రమే. వేసవిలో దాని పడకను నేలకు దించాలి. స్నానాలగది గుమ్మం దగ్గరి రాతిపలక, కుండ పెట్టిన మూల, మంచం కింది టైల్సు. నోరు తెరిచి కుక్కలా రొప్పుతోందంటే అది అలసట కాదు, ప్రమాదం. పశువైద్యుని దగ్గరికి పరుగెత్తాల్సిన సూచన.

బాల్కనీకి ఇనుప జాలీ తప్పదు. పడుతున్న పిల్లి గాలిలోనే తిరగబడి కాళ్లమీద దిగుతుందన్నది నిజమే. 1894లో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని వరుస ఫొటోలు తీసి చూపించాడు. న్యూయార్కులో మేడల మీదనుంచి పడి ఆస్పత్రికి చేరిన 132 పిల్లుల లెక్క 1987లో వచ్చింది. వాటిలో నూటికి తొంభై బతికాయి, నిజమే. కానీ ఛాతీకి దెబ్బలు, విరిగిన దవడలు, కాళ్లు చాలావాటికి తప్పలేదు. ఆస్పత్రిదాకా రానివి ఆ లెక్కలోనే లేవు. దోమతెర నైలాన్ జాలీని పిల్లి గోరు ఒక్కరోజులో చీలుస్తుంది. కొల్లేరు సరస్సు దోమనూ పిల్లినీ ఒకేసారి ఆపేది స్టీలు జాలీయే.

మూడు మూలల సూత్రం

చిన్న ఇంట్లో మనం చేసే మొదటి పొరపాటు పిల్లి సామానంతా ఒకే మూలకు చేర్చడం. తిండిగిన్నె, నీళ్లగిన్నె, ఇసుక తొట్టె పక్కపక్కనే. మనకు ఊడ్చుకోవడం తేలిక. పిల్లికి అది మరుగుదొడ్డిలో పీట వేసి భోజనం పెట్టినట్టు. వీలైనంతలో మూడిటికీ మూడు మూలలు చూడాలి. నీళ్లు తిండికి దూరంగా రెండు మూడు చోట్ల కనబడితే, తక్కువ తాగే జీవి నాలుగు గుక్కలు ఎక్కువ తాగుతుంది.

తొట్టెల లెక్క ఎన్ని పిల్లులో దానికి ఒకటి ఎక్కువ. ఒంటి పిల్లి ఉన్న ఫ్లాటులో ఒకటి బాల్కనీలో, ఒకటి స్నానాలగదిలో సరిపోతాయి. తొట్టె పొడవు పిల్లి ఒంటికి ఒకటిన్నర రెట్లుండాలి. అందులో ఏం పోయాలన్నదానికి మన దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. పిల్లులు సన్నటి రేణువులను ఇష్టపడతాయి కాబట్టి జల్లించిన గోదావరి ఇసుక వాటికి పుట్టింటి నేలలాంటిది. మనకు మాత్రం బరువు. తడి పీల్చే కొబ్బరి పొట్టు తేలిక, రంపపు పొట్టు చవక. మిల్లు ఊక ఊరికే దొరుకుతుంది గానీ కాళ్లకు గుచ్చుకుంటుంది, తడిని సరిగా పీల్చదు. కొత్తదానికి మారేటప్పుడు పాతది పూర్తిగా పారబోయకుండా కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

తొట్టెను రోజూ శుభ్రం చేయడం మన ముక్కు కోసమే కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కొన్ని పిల్లుల మలంలో బయటికొస్తుంది. అయితే వచ్చిన వెంటనే అది అంటుకోదు, ఒకటి నుంచి అయిదు రోజులు పక్వానికి రావాలి. ఏరోజుది ఆరోజు తీసేస్తే ఆ గడువు దానికి దొరకదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఇంకొకరు చేయాలి. పిల్లిని వీధిలో వదిలేయాల్సిన పని లేదు.

మగపిల్లి తొట్టెలో పదేపదే కూర్చుని చుక్క రాక అరుస్తుంటే మలబద్ధకమని ఊరుకోవద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అది గంటల లెక్కన ప్రాణం మీదికొచ్చే జబ్బు. గోడలకు వాసన చిమ్మే మగపిల్లి సంగతి వేరు. వృషణాలు తీసే ఆపరేషన్ చేయిస్తే పదింటిలో తొమ్మిది ఆ అలవాటు మానేస్తాయి.

కొల్లేటి చేప, గూడెం ఉల్లి

పిల్లికి పాలంటే ప్రాణమని ఉట్టి కట్టినవాళ్లు అనుకున్నారు, మనమూ అనుకుంటున్నాం. దానికి నచ్చేది పాలలోని కొవ్వు. తీపి దాని నాలుకకు తెలియనే తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో కనుక్కున్నారు. దసరా పాయసం దానికి చప్పిడే. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగక విరేచనాలు కూడా పట్టుకుంటాయి.

పెరుగన్నం పెట్టి పిల్లిని సాకడం మన ఇళ్ల ఆచారం. పెరటి ఎలుకలు దొరికినంతకాలం అది చెల్లింది. గడప దాటని పిల్లికి అది చాలదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు సరిపడా తయారుచేసుకోలేదు. మాంసంలో, చేపలో దొరికేదే దిక్కు, బియ్యంలో అది ఉండదు. టారిన్ లేక పిల్లుల కంటిపొర చెడుతుందని 1975లో, గుండె కండరం నీరసిస్తుందని 1987లో తేలాకే పిల్లి మేత తయారీదారులు దాన్ని కలపడం పెంచారు.

కొల్లేటి పక్క ఊళ్లలో చేపకు లోటేముంది అనుకోవచ్చు. లోటు లేదు, ఒక మెలిక ఉంది. బంగారుతీగ వంటి కొన్ని చేపల పచ్చి మాంసంలో థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. రోజూ పచ్చి చేపే తిన్న పిల్లి తూలుతుంది, మెడ వాలుస్తుంది, మూర్ఛలు కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కాబట్టి ముల్లు తీసి, ఉప్పూకారం లేకుండా ఉడికించిన ముక్క పెట్టాలి, అదీ రోజూ కాకుండా మార్చిమార్చి.

ఉడికించిన ముక్క అంటే పులుసులో ముక్క కాదు. తాడేపల్లిగూడెం హోల్‌సేల్ మార్కెట్లో లారీలకొద్దీ దిగే ఉల్లి మన పులుసుకు ప్రాణం, పిల్లి నెత్తుటికి విషం. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు దాని ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. వండినా ఆ గుణం పోదు. పులుసు గిన్నె అడుగు నాకడానికి ఇవ్వడం ప్రేమే, కానీ పిల్లికి చేటు.

ఇదే వరుసలో ఇంకొన్ని. మన కాలేయం కొన్ని విషాలను విరిచి బయటికి పంపే దారి పిల్లి కాలేయంలో సగం మూసి ఉంటుంది. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు. ఇల్లు తుడిచే ఫినాయిల్ కూడా ఆ దారినే పోవాల్సిన పదార్థం. తడినేల మీద నడిచి పాదాలు నాక్కున్న పిల్లి దాన్ని తిన్నట్టే. బట్టల్లో వేసే కలరా ఉండలు దానికి అందకూడదు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ఒంటికి రాయకూడదు. పూలకొట్లో లిల్లీ అని కొనే దండపూలు నిజానికి లిల్లీ కుటుంబంవి కావు. బొకేల్లో వచ్చే పెద్దరేకుల అసలు లిల్లీ మాత్రం పుప్పొడితో సహా పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తుంది. వీటన్నిటికీ పనికొచ్చేది ఉట్టి సూత్రమే. తలుపున్న అలమరలో పెట్టి గడియ వేయడం, నేల తుడవడానికి సబ్బునీళ్లు వాడి ఆరాక పిల్లిని వదలడం.

తివాచీ ఊళ్లో గోరు సంగతి

ఏలూరు తివాచీలది పేరున్న కథ. పారశీక నేతగాళ్ల నుంచి వచ్చిన విద్య, ఉన్ని ముడులతో నేసిన పని. పిల్లికి అలాంటి తివాచీని చూస్తే చేతులు ఆగవు. అది కోపం కాదు, పొగరూ కాదు. గీరినప్పుడు గోరుమీది పాతపొర ఊడి కొత్త మొన తేలుతుంది, వెన్ను సాగుతుంది, అరికాలి గ్రంథుల వాసన ఆ చోట అంటుకుంటుంది. ‘ఇది నా ఊరు’ అని పాతే సర్వే రాయి అది. మాన్పించలేం, చోటు మాత్రం మార్చగలం.

పిల్లుల యజమానులను అడిగి చేసిన ఒక పెద్ద సర్వేలో తాడు చుట్టిన, కనీసం మూడడుగుల ఎత్తున్న నిలువు కొయ్యలకే ఎక్కువ పిల్లులు మొగ్గాయి. జూట్ మిల్లుకూ పేరున్న ఏలూరులో దీనికి కొనాల్సిందేమీ లేదు. నాలుగడుగుల సరుగుడు కర్రను బరువైన పీటకు దిగ్గొట్టి, గోనెపట్టా గానీ కొబ్బరి తాడు గానీ ఒత్తుగా చుట్టాలి. కదిలితే పిల్లి మళ్లీ ముట్టుకోదు. దాన్ని ఎవరికీ కనబడని మూలన కాక, ఇప్పుడు గీరుతున్న సోఫా పక్కనే నిలబెట్టాలి. సర్వే రాయి ఎవరూ పెరటి వెనక పాతరు కదా. పెంటకుప్పలమీద మొలిచే కుప్పింటాకు వేరంటే చాలా పిల్లులకు పిచ్చి. ఆ వేరును కొయ్యకు రెండుసార్లు రుద్దితే పిల్లి తనంత తానే వచ్చి కౌగిలించుకుంటుంది. గుమ్మాలకు, కుర్చీ కోళ్లకు అది బుగ్గ రుద్దిన మరకలను మాత్రం వెంటనే తుడిచేయకండి. ఇల్లు తనదేనని దాని ముక్కుకు చెప్పే ఉత్తరాలవి.

చెలగాటానికో వేళ

ఇంటి అమరిక అంటే చోటే కాదు, వేళ కూడా. పిల్లి రోజులో పన్నెండు గంటలకు పైగా పడుకుంటుంది. ఎలుకలు తిరిగే మునిమాపు, తెలవారుజాము దానికి పనివేళలు. మనం తెల్లారి నాలుగింటికి తిట్టుకుంటూ లేవడానికి కారణమిదే. వేటాడి, తిని, ఒళ్లు నాక్కుని, పడుకోవడం దాని ధర్మం. ఆ వరుసను మన వేళకు జరపొచ్చు. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు కర్రకు దారం కట్టి ఈక ఆడించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెడితే మిగతా వరుస అదే పూర్తిచేస్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో ఎలుక స్థానంలో దారం చేరిందంతే. ఆట అయ్యాక దారాన్ని దాచేయాలి. మింగితే పేగు కోసుకుపోతుంది.

గడప అవతల

బయటికి వదిలితేనే పిల్లి సుఖపడుతుందని చాలామంది అంటారు. కొల్లేటి గట్టున నిలబడి చూస్తే ఆ లెక్క వేరుగా ఉంటుంది. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు ఇది. ఆటపాక చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతును పిల్లి ఏమీ చేయలేదు. గట్ల వెంట, తుంగలో, నేలమీద గుడ్లు పెట్టే చిన్న పిట్టల సంగతి అలా కాదు. కడుపు నిండినా వేటాడే జీవి పిల్లి. ఇంట్లో ఎత్తు, చాటు, ఆట దొరికితే బయటి అవసరం చాలామేరకు తగ్గుతుంది. బయటి కుక్కలు, లారీలు, రేబిస్ భయం కూడా తగ్గుతాయి. ఇంట్లో ఉన్నా రేబిస్ టీకా తప్పనిసరి. గీరినా కరిచినా పుండును సబ్బుతో పావుగంట ధారనీళ్ల కింద కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మన నానుడి. పడక మురికైనా, ఎవరైనా కదిపినా, కూనలు ఎదిగి చోటు చాలకపోయినా తల్లి వాటిని నోట కరుచుకుని మారుస్తుంది. ఫ్లాటులో ఏడిళ్లు ఎక్కడ దొరుకుతాయి? రెండు గదుల్లో రెండు చీకటి పెట్టెలు పెడితే ఆమె ఊరు తిరగకుండా ఆ రెంటి మధ్యే కాపురం మారుస్తుంది.

ఒక బుట్ట మాత్రం ఏడాది పొడుగునా మూత తీసి, పాత చీర పరిచి, నడవాలో ఉండాలి. పిల్లి అందులో పడుకోవడం అలవాటు పడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేరులోకి దిగినప్పుడు లంక గ్రామాలు నీట చిక్కాయి. అలాంటి రాత్రి, పిల్లిని కొత్త బుట్టలోకి దూర్చడానికి టైముండదు. తన పడకలోనే పడుకున్న పిల్లినైతే మూత వేసి ఎత్తుకుపోవచ్చు.

ఇవన్నీ అమర్చడానికి పెద్ద ఖర్చు లేదు. మూడు చెక్కలు, రెండు అట్టపెట్టెలు, ఒక గోనె కొయ్య, ఇసుక, జాలీ, బుట్ట. ఇంటి నేల పెద్దగా తగ్గదు. మండువా ఇంటి దూలానికి ఆ ఇనుప కొక్కెం ఇప్పటికీ గట్టిగానే ఉంది. పాలు ఫ్రిజ్‌లోకి మారాయి కాబట్టి దానికి పని పోయింది. ఒక బుట్టకు నాలుగు తాళ్లు కట్టి, దూలంమీదినుంచి దూకితే అందేలా అక్కడే వేలాడదీయండి. ఒకప్పుడు పిల్లికి అందకూడదని కట్టిన ఉట్టిలో ఈసారి పిల్లే పడుకుంటుంది.